సలోత్రీ, నాల్‌బంద్, సయీస్: గుర్రాన్ని సాకినవాళ్ల తారీఖ్

మా చిన్నోడు ఏడో తరగతి. మొన్న బడి నుంచి వచ్చి, బ్యాగు మంచం మీద పడేసి అడిగాడు: "అబ్బా, మనం గుర్రాలెక్కి వచ్చామా?"

సోషల్ పుస్తకంలో సుల్తానుల పాఠం నడుస్తోంది. ఒక గుర్రం, దాని మీద కత్తి పట్టుకున్న గడ్డపాయన బొమ్మ. పక్కన కూచునే పిల్లాడు ఆ బొమ్మ మీద వేలు పెట్టి "మీ తాతలు కదరా" అన్నాడట. కొట్లాటకు అనలేదు, నవ్వుతూనే అన్నాడట. మావాడికి గుస్సా రాలేదు, అనుమానం వచ్చింది. నిజమేనేమో అని కాస్త ఖుషీ కూడా ఉంది మొహంలో.

"గుర్రం ఉండేది మనింట్లో," అన్నాను. "దాని మీద కాదు, దాని వెనక కూచున్నాం. మీ పర్‌దాదా కర్నూల్లో జట్కా తోలేవారు."

వాడి మొహం కొంచెం చిన్నబోయింది. కత్తి లేదు, కోట లేదు, జట్కా బండి. తప్పు వాడిది కాదు. తారీఖ్ అంటే గుర్రం మీద కూచున్నవాడిదే అని మనకూ అలవాటైపోయింది. గుర్రానికి ఉలవలు ఉడకబెట్టినవాళ్లు, గిట్టకు లాడం కొట్టినవాళ్లు, అర్ధరాత్రి ఈనే గుర్రం పక్కన లాంతరు పట్టుకుని కూచున్నవాళ్లు, వాళ్లకూ ఒక తారీఖ్ ఉంది. మన ఖాన్‌దాన్లలో చాలావరకు ఆ రెండో జమాత్‌లోవే. అందుకే ఈ నాలుగు మాటలు.

రాణీ

దాదాకు చిన్నప్పుడే ఎడమ కాలు పడిపోయింది. జ్వరం వచ్చి తగ్గాక కాలు సన్నబడిందని దాదీ చెప్పేది. పోలియో అనే మాట మా ఇంట్లోకి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. చేతికర్ర లేకుండా గల్లీ చివరిదాకా నడవలేరు. బరువు పనికి ఎవరూ పిలవరు. ఆయన మామూ ఒక పాత జట్కాను, ఒక ఆడగుర్రాన్ని అప్పు మీద ఇప్పించారు. దాని పేరు రాణీ.

బండి ఎక్కేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. ఎక్కి లగాము చేతిలోకి తీసుకున్నాక ఆయన అందరిలాంటి మనిషి. రైలు దిగినవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, పుట్టింటికి వచ్చే ఆడపడుచులు, ఉర్సుకు పోయే జనం, తిరునాళ్లకు పోయే జనం అందరూ ఎక్కేవాళ్లు. కుంటివాడు అనే మాట జట్కా దిగాకే వినపడేదని ఆయన అనేవారట.

ఇంట్లో మొదటి ముద్ద రాణీదే. దాదీ పొద్దున పొయ్యి వెలిగిస్తే ముందు ఎక్కేది ఉలవల కుండ. ఉడికిన గుగ్గిళ్లు గుర్రానికి, ఆ నీళ్లు మాకు చారు. ఉలవచారును ఇప్పుడు హోటళ్లలో మీగడ వేసి అమ్ముతుంటే మా అబ్బా నవ్వుతారు: "రాణీ జూటా తిని పెరిగినోళ్లం మేము." చెమటతో వచ్చిన గుర్రానికి ఊపిరి సర్దుకునేదాకా దాణా పెట్టకూడదు. లాడం అరిగితే, ఆ రోజు సంపాదన పోయినా సరే, బండి కట్టకూడదు. ఇవి మా ఇంటి కాయిదాలు. పుస్తకం చూసి పెట్టుకున్నవి కావు. కానీ ఇవి ఎక్కడినుంచి వచ్చాయో వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్లాల్సి వచ్చింది నాకు.

మూడు రకాల మాలిక్‌లు

ముందు మన దీన్ నుంచే మొదలుపెడదాం. ఖుర్ఆన్‌లో నూరో సూరా, అల్-ఆదియాత్, పరుగెత్తే గుర్రాల మీద ప్రమాణంతో మొదలవుతుంది. గుర్రాల నుదుటి జూలులోనే ఖైర్ కట్టి ఉందని రసూలుల్లాహ్ (స) చెప్పిన హదీస్ బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ఒక పొద్దున ఆయన తన పైబట్టతో గుర్రం మొహం తుడుస్తూ కనిపించారని ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో ఒక రివాయత్.

నాకు ఎక్కువగా గుర్తుండేది ఇంకో హదీస్. గుర్రం ముగ్గురికి మూడు రకాలు అంటారు. అల్లాహ్ మార్గంలో సాకినవాడికి అది మేసిన గడ్డి, తాగిన నీళ్లు, చివరికి దాని పేడ కూడా సవాబ్ కింద రాయబడుతుంది. ఇతరుల ముందు చేయి చాచకుండా బతకడానికి సాకి, దాని మెడ మీదా వీపు మీదా అల్లాహ్‌కు ఉన్న హక్‌ను మరిచిపోనివాడికి అది ఒక పర్దా, అంటే అతని లేమిని కప్పే ముసుగు. గొప్ప చూపించుకోవడానికి, పగ కోసం సాకినవాడికి అది గునాహ్ మూట.

మధ్యలో ఉన్నాడే, ఆ రెండోవాడు, ఆయనే మా దాదా. ఆయనే మీ నానా, మీ పర్‌నానా. మన జల్సాల్లో మొదటివాడి గురించి బయాన్‌లు వింటాం. బారాత్ వీడియోల్లో మూడోవాణ్ని చూస్తాం. రెండోవాడి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఫిఖహ్ కూడా ఈ రెండోవాణ్ని పట్టించుకుంది. సొంత సవారీకి పెట్టుకున్న గుర్రం మీద జకాత్ లేదు. సంతానం కోసం బయట మేపుకునే మందల మీద ఉందని ఇమామ్ అబూ హనీఫా అంటే, ఆయన షాగిర్దులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ లేదన్నారు. ఉస్తాద్‌తో షాగిర్దులు గుర్రం విషయంలో ఇఖ్తిలాఫ్ పడ్డారంటే అది ఆ జమానాలో ఇంటింటి మస్అలా అన్నమాట.

ఒక మాట, రెండు దారులు

నేను ఉర్దూ మీడియంలో చదివాను, డిగ్రీ తెలుగులో చేశాను. ఈ రెంటి మధ్య తిరిగేవాడికి గుర్రం దగ్గర ఒక తమాషా కనిపిస్తుంది. తెలుగులో జీను, లగాము, రికాబు, సవారీ, దాణా, మాలీసు అంటాం. ఇవన్నీ ఫార్సీ, అరబీ నుంచి వచ్చినవి. మన పల్లెల్లో ఏ రైతును అడిగినా దాణా తెలుగు మాటే అంటాడు. సరే, ఇవి అటునుంచి ఇటు వచ్చాయి. మరి ఇటునుంచి అటు పోయిందేమిటి?

ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ని 'సలోత్రీ' అంటారు. చిన్నప్పుడు ఇది అరబీ మాట అనుకునేవాణ్ని. కాదు. సంస్కృతంలో అశ్వశాస్త్రానికి మూలపురుషుడిగా చెప్పే శాలిహోత్రుడి పేరే నలిగి నలిగి సలోత్రీ అయింది. ఆయన పేరు మీద ఉన్న గ్రంథాన్ని మన దక్కన్‌లోనే, బహమనీ సుల్తానుల గుల్బర్గాలో, అబ్దుల్లా బిన్ సఫీ అనే ఆయన ఫార్సీలోకి తర్జుమా చేశాడు. తర్వాత షాజహాన్ కాలంలో అబ్దుల్లా ఖాన్ ఫీరోజ్ జంగ్ చేతుల మీదుగా ఇంకో తర్జుమా వచ్చింది. గుర్రాల మీద ఫార్సీలో రాసే పుస్తకాలను 'ఫరస్‌నామా' అంటారు. ఉర్దూ షాయర్ సఆదత్ యార్ ఖాన్ రంగీన్ (1756–1835) కూడా ఒక ఫరస్‌నామా రాశాడు. రేఖ్తీతో పేరుపడ్డ షాయర్, సిపాయిగిరీ చేసి, గుర్రాల బేరం కూడా తెలిసిన మనిషి. తెలుగులో మనుమంచి భట్టు అనే కవి అదే శాలిహోత్ర విద్యను పద్యాల్లో చెప్పాడు. ఒకే విద్య ఒకవైపు ఫార్సీలోకి, ఒకవైపు తెలుగులోకి నడిచింది.

రెండో మాట 'బైతార్'. అరబీలో పశువైద్యుడు. అది గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో హిప్పియాత్రోస్ అంటే గుర్రాల హకీమ్. 9వ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల కొలువులో ఇబ్న్ అఖీ హిజామ్ గుర్రపుస్వారీ మీద, గుర్రాల వైద్యం మీద కితాబ్ రాశాడు. 14వ శతాబ్దంలో మిస్ర్ మమ్లూక్ సుల్తాన్ అన్-నాసిర్ ముహమ్మద్ దగ్గర పనిచేసిన అబూ బక్ర్ ఇబ్న్ బద్ర్ రాసిన పెద్ద గ్రంథం 'అన్-నాసిరీ' పేరుతో మషూర్ అయింది. యునానీ మందుల గురించి వినేవాళ్లకు ఇబ్న్ అల్-బైతార్ పేరు తెలిసే ఉంటుంది, 1248లో పోయిన గొప్ప వనమూలికల ఆలిమ్. ఆ పేరుకు అర్థం 'గుర్రాల వైద్యుడి కొడుకు'.

అంటే మన సలోత్రీ సంస్కృతం బిడ్డ, మన బైతార్ గ్రీకు బిడ్డ. గుర్రం కడుపు నొప్పితో కింద పడి దొర్లుతుంటే వైద్యుడి మజహబ్ ఎవరూ అడగలేదు.

సముద్రం మీద వచ్చిన ఖర్చు

"గుర్రాలు మీవాళ్లు తెచ్చారు" అనే మాటలో సగం నిజం ఉంది. తెచ్చింది తాజిర్‌లు, కొన్నది అందరూ.

దక్షిణాదిన మంచి యుద్ధపు గుర్రం పుట్టించడం కష్టంగా ఉండేది. గాలి, గడ్డి సరిపడవు. అందుకే ఖలీజ్ అరబ్ రేవుల నుంచి ఓడల్లో వచ్చేవి. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో తమిళ తీరాన ఉన్న మాబర్ గురించి రాస్తూ, రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవని అన్నాడు. అక్కడ వైద్యం తెలిసినవాళ్లు లేరని, అమ్మే తాజిర్‌లు కావాలనే వైద్యుల్ని పోనివ్వరని ఆయన ఆరోపణ. మంచి మగగుర్రంతో కట్టించినా అక్కడి ఆడగుర్రం వంకర కాళ్ల పిల్లనే ఈనుతుందనీ రాశాడు. మన మోటుపల్లి గురించి, దాన్ని ఏలే రాణి గురించి రాసిన మనిషే ఈయన. ఫార్సీ చరిత్రకారుడు వస్సాఫ్ అయితే ఏటా 10,000 గుర్రాలు మాబర్‌కు పోయేవని, ఒక్కోటి 220 దీనార్లని, దారిలో చచ్చినవాటికీ డబ్బు ఇవ్వాలనేది షరతని రాశాడు. అక్కడ గుర్రాలకు వేయించిన గింజలు, నెయ్యి, కాచిన పాలు పెడతారని ఆశ్చర్యపోయాడు.

విజయనగరానిదీ అదే కథ. పోర్చుగీసు తాజిర్ నూనిజ్ రాతల్లో ఒక వివరం ఉంది: సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున, బతికినవీ చచ్చినవీ కూడా కొనేవాడట. సముద్రం మీద చచ్చినదానికి సుబూత్‌గా దాని తోక తెచ్చి చూపిస్తే చాలు. కృష్ణదేవరాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని కూడా నూనిజే అంటాడు. 'ఆముక్తమాల్యద' రాజనీతిలో రాయలే రేవుల్ని బాగా చూసుకుని గుర్రాలు, ఏనుగులు, మణులు రప్పించుకోవాలని చెప్పాడు. తెలుగువాళ్లు సుల్తానుల్ని అశ్వపతులనీ, ఒడిశా రాజుల్ని గజపతులనీ, విజయనగర రాయల్ని నరపతులనీ పిలిచారు. కానీ అశ్వపతికీ నరపతికీ గుర్రం అమ్మింది ఒకే ఓడ.

మార్కో పోలో మాటను మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోలేను. అశ్వశాస్త్రం ఈ నేల మీద ఆయనకు శతాబ్దాల ముందే ఉంది. ఇల్మ్ ఉండటం వేరు, అది గాడి దగ్గర నిలబడే మనిషి చేతికి అందటం వేరు. కొత్త దేశం, కొత్త గడ్డి, కొత్త రోగాలు. వేల గుర్రాలు ఒక్కసారి దిగితే, వాటిని తెలిసిన చేతులు వేలల్లో ఎక్కడినుంచి వస్తాయి?

ఆ చేతుల హిసాబు రాసినవాడు అబుల్ ఫజల్. 'ఆయీనె అక్బరీ'లో అక్బర్ తబేలాల మీద పేజీలకు పేజీలు ఉన్నాయి. పైన అత్‌బేగీ, దారోగా. కింద బైతార్, లాడాలు కొట్టే నాల్‌బంద్, జీన్లు చూసే జీన్‌దార్, నీళ్లు మోసే ఆబ్‌కష్, ఊడ్చే ఖాక్‌రోబ్. నజర్ తగలకుండా సిపంద్ గింజలు కాల్చి పొగ వేసే మనిషికీ ఒక కొలువు! రెండు గుర్రాలకు ఒక సయీస్. ఖాసా గుర్రం చస్తే దాని ఖరీదు లెక్కన దారోగా జుర్మానా కట్టాలి, సయీస్ జీతంలో నాలుగో వంతు కోత. గుర్రం పాదుషాది. చచ్చిన రోజున ఇంట్లో పొయ్యి వెలగనిది మాత్రం సయీస్‌ది.

సొంత గుర్రం ఉన్న సిపాయి

ఇక్కడ మన హైదరాబాద్ రియాసత్ కథ వస్తుంది. దక్కన్ ఫౌజుల్లో రెండు రకాల సవార్లు ఉండేవాళ్లు. సొంత గుర్రం, సొంత హత్యార్‌లతో కొలువులో చేరేవాడు సిలాహ్‌దార్. ఇంకొకరి గుర్రమో, సర్కారు గుర్రమో ఎక్కేవాడు బార్గీర్. సిలాహ్‌దార్‌కు జీతం ఎక్కువ, ఇజ్జత్ ఎక్కువ, ఫికర్ ఇంకా ఎక్కువ. ఎందుకంటే గుర్రం చస్తే అతను మళ్లీ బార్గీర్ అవుతాడు, లేదంటే ఇంటికి పోతాడు.

ఇదే పద్ధతి తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ రిసాలాల్లోనూ, ఇంగ్లిషువాళ్ల హిందుస్తానీ రిసాలాల్లోనూ నడిచింది. చేరేటప్పుడు సవార్ కొంత సొమ్ము కట్టాలి, దాన్ని 'అసామీ' అనేవాళ్లు. గుర్రం మేత, జీను మరమ్మతు అతని జీతంలోంచే. అయితే ఆ రిసాలాల్లో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది: చందా. సవార్లందరూ నెలనెలా కొంత వేసుకునేవాళ్లు. ఎవరి గుర్రం చచ్చినా కొత్తదానికి ఆ చందాలోంచి సాయం అందేది. ఇన్సూరెన్స్ ఏజెంట్లు మన గల్లీల్లోకి రాకముందే మనవాళ్లు చేసుకున్న ఇన్సూరెన్స్ అది. ఆ రిసాలాల్లో 'సలోత్రీ' అనే హోదా కూడా ఉండేది. శాలిహోత్రుడి పేరు యూనిఫాం వేసుకుని తిరిగిందన్నమాట.

కంటింజెంట్ రిసాలాల్లో ఒకటి 20వ దక్కన్ హార్స్ అయింది. దక్కనీ ముసల్మానులు, సిక్కులు, జాట్‌లు కలిసిన రిసాలా. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో, హై వుడ్ అనే అడవి దగ్గర, బల్లేలు పట్టుకుని దౌడు తీసింది. మొదటి ప్రపంచ యుద్ధమే సిలాహ్‌దారీని ముగించింది. తుపాకుల ముందు గుర్రాలు పడిపోయే వేగానికి ఏ సవార్ జేబూ, ఏ చందా సరిపోలేదు. యుద్ధం తర్వాత గుర్రం పూర్తిగా సర్కారుదైపోయింది.

చూడి గుర్రం, జోరీగ

యుద్ధాల్ని పక్కన పెట్టి మళ్లీ ఇంటికి వద్దాం. అరబ్ బద్దూలు ఆడగుర్రాన్నే ఎక్కువగా ఇష్టపడేవాళ్లు. శత్రువు డేరాల దగ్గరికి వెళ్లినప్పుడు అది సకిలించి గుట్టు బయటపెట్టదు. వంశాన్ని కూడా తల్లివైపు నుంచే లెక్కపెట్టేవాళ్లు. మేలుజాతి గుర్రాలన్నీ ఐదు ఆడగుర్రాల సంతానమే అనే రివాయత్ వాళ్లలో ఉంది. దాదా లెక్క ఇంకా సాదా: ఆడగుర్రం నెమ్మది, ఆపైన ఏడాదికో రెండేళ్లకో ఒక పిల్ల.

ఆడగుర్రం ఎదకు వచ్చేది పగళ్లు పొడుగ్గా ఉండే కాలంలో. కట్టాక దాదాపు పదకొండు నెలలు మోస్తుంది. ఈనేది ఎక్కువగా రాత్రిపూట, మనుషుల అలికిడి సద్దుమణిగాక. రాణీ ఈనిన రాత్రి దాదీ దూరంగా గోడకానుకుని తస్బీహ్ తిప్పుతూ కూచుందట. పిల్ల గంటలో లేచి నిలబడాలి. రెండు గంటల్లో పొదుగు పట్టాలి. ముర్రుపాలు మొదటి రోజే కడుపులోకి పోవాలి, లేకపోతే రోగాల్ని తట్టుకునే తాకత్ దానికి రాదు. మూడు గంటల్లో మాయ పడాలి. పడకపోతే లోపల కుళ్లి ఒళ్లంతా విషమవుతుంది, గిట్టలకూ దిగుతుంది. దాదీకి గడియారం లేదు. మసీదు అజాన్‌లతో లెక్క చూసుకునేది. నేటి డాక్టర్లు చెప్పే గంటలకూ దాదీ లెక్కకూ పెద్ద తేడా లేదు.

గుర్రానికి వాంతి రాదు. తిన్నది వెనక్కి పంపలేదు. ఒళ్లు పెద్దది, జీర్ణాశయం చిన్నది. అందుకే కడుపునొప్పి దాని ప్రాణాలు తీసే జబ్బు. గింజలు అతిగా తింటే గిట్టలు వాచి నిలబడలేదు. పాత గ్రీకులు దాన్ని బార్లీ జబ్బు అన్నారు. ప్రేమతో ఎక్కువ పెట్టినా చంపినట్టే.

రాణీని తీసుకుపోయింది మాత్రం ఇవేవీ కావు. 1970ల్లో ఒక వానాకాలం. జ్వరం వచ్చేది, పోయేది. దాణా తింటూనే చిక్కిపోయింది. పొట్ట కింద, కాళ్లకు వాపు. పశువుల ఆస్పత్రి డాక్టరు నెత్తురు తీసి చూసి 'సుర్రా' అన్నాడు. జోరీగలు ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మోసే పురుగు అది, సూక్ష్మదర్శినిలో తప్ప కనపడదు. 1880లో పంజాబ్ సరిహద్దున, డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు దాన్ని మొదటిసారి గుర్రాల, ఒంటెల నెత్తురులో చూశాడు. అక్కడి జనం పిలిచే పేరే శాస్త్రంలోనూ ఉండిపోయింది.

డాక్టరు సూది వేశాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆలస్యం చేసింది దాదాయే. పది రోజులు జ్వరంతోనే బండి కట్టారు. ఇంట్లో పెళ్లి ఖర్చు, అప్పు కిస్తు. తగ్గిపోతుందిలే అనుకున్నారు. ఈ సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదట. "దాని హక్ నేను తిన్నాను" అని చివరిదాకా అన్నారు. నాకు సిలాహ్‌దార్ల చందా గురించి చదివినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. కర్నూలు జట్కావాళ్లకు అలాంటి చందా ఒకటి ఉండి ఉంటే, ఆ పది రోజులు రాణీ గాడి దగ్గర పడుకుని ఉండేది.

నాలుగు కాళ్లు

రాణీ పోయాక దాదా ఇంకో గుర్రం కొనలేదు. ఆటోలు అప్పటికే వచ్చేస్తున్నాయి. బండి అమ్మేశారు. అబ్బా మాటల్లో చెప్పాలంటే, ఆయన కుంటివాడైంది ఆ రోజే.

కాలు లేనివాడికి గుర్రం కాలు అవుతుందనేది తారీఖ్‌కు కొత్త కాదు. తైమూర్‌ను 'లంగ్' అన్నారు, కుంటివాడని. 1941లో సమర్‌కంద్‌లో ఆయన ఖబర్ తవ్వి చూసినప్పుడు కుడి కాలు, కుడి చెయ్యి దెబ్బతిన్న మాట నిజమేనని ఎముకలు చెప్పాయి. సగం ఆసియా తిరిగింది గుర్రం మీదే. ఆయన వంశంలో పుట్టిన బాబర్‌కు 1527లో ఖాన్వా దగ్గర ఎదురు నిలిచిన రాణా సాంగా ఒక కన్ను, ఒక చెయ్యి పోగొట్టుకుని, కాలు కుంటుతూ యుద్ధానికి వచ్చినవాడు. రెండు వైపులా ఇదే కథ.

వాళ్లు పాదుషాలు, రాణాలు. నాకు వాళ్లకంటే డెన్మార్క్ ఆడమనిషి లిస్ హార్టెల్ దగ్గరగా అనిపిస్తుంది. 1944లో, గర్భంతో ఉండగా ఆమెకు పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయలేదు. గుర్రం ఎక్కించడానికి, దించడానికి మనుషులు కావాలి. అయినా 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, మగవాళ్లతో కలిసి పోటీపడి, డ్రెస్సాజ్ అనే గుర్రపుస్వారీ పోటీలో వెండి పతకం గెలిచింది. బంగారు పతకం గెలిచిన మనిషే ఆమెను పట్టుకుని బల్ల ఎక్కించాడు. 1956లో మళ్లీ వెండి. ఆ తర్వాతే వికలాంగులకు గుర్రపుస్వారీ ఒక ఇలాజ్‌గా దేశదేశాల్లో పాకింది. గుర్రం నడుస్తుంటే పైన కూచున్నవాడి నడుము మనిషి నడకలో కదిలినట్టే ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదులుతుంది. నడవని మనిషి నడుముకు నడక గుర్తుచేస్తుందన్నమాట. 1996 నుంచి పారాలింపిక్స్‌లో కూడా గుర్రపుస్వారీ ఉంది.

దాదా ఈ పేరు విని ఉండరు. విన్నా ఆశ్చర్యపోయేవారు కారు. రెక్క పట్టి ఎక్కిస్తే చాలు, తర్వాత గుర్రం చూసుకుంటుందని ఆయనకు ముందే తెలుసు.

ఇప్పుడు మిగిలింది

2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి ఆరు లక్షలకు పైన ఉంటే 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. నాందేడ్ జిల్లా మాలేగావ్‌లో ఖండోబా యాత్రకు ఇప్పటికీ గుర్రాల సంత జరుగుతుంది. అది ఒకప్పుడు నిజాం రియాసత్‌లోని సంతే. మన ఊళ్లలో మాత్రం గుర్రం కనిపించేది బారాత్ రాత్రే. తారు రోడ్డు మీద, లైట్ల మధ్య, మర్ఫా మోతలో గంటలు గంటలు నిలబడే ఆ ఘోడీని ఈసారి ఒక్కసారి చూడండి. లాడం ఉందా, జీను కింద పుండు ఉందా, ఎవరైనా నీళ్లు పెట్టారా అని దాని మాలిక్‌ను అడగండి. అడిగితే తిట్టడు, సంతోషిస్తాడు. అతనూ ఆ రెండో రకం మాలికే. ఖర్చు పెట్టేవాళ్లం మనం, కాస్త ఎక్కువ ఇచ్చి, తక్కువ సేపు నిలబెడితే చాలు.

ఇక మా చిన్నోడి సవాల్. ఇదంతా వాడికి రెండు రాత్రులు చెప్పాను. గుర్రాలెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు, అన్నాను. అన్ని ఖౌమ్‌లలోనూ ఉన్నారు. మనం మాత్రం గుర్రం సాకినవాళ్లం. ఆ సాకే విద్య శాలిహోత్రుడి నుంచి కొంత, బైతార్ నుంచి కొంత, మీ పర్‌దాదీ ఉలవల కుండ నుంచి కొంత వచ్చింది. ఆ పిల్లాడితో కొట్లాడాల్సిన పని లేదు. వాళ్ల తాత జట్కా ఎక్కి ఉంటాడు, మీ పర్‌దాదా తోలి ఉంటారు.

వాడు రాణీ ఫోటో ఉందా అని అడిగాడు. లేదు. దాదీ సందూక్‌లో అరిగిపోయిన లాడం ఒకటి ఉంది, అది చేతిలో పెట్టాను. అంచు ఒకవైపు ఎక్కువ అరిగి ఉంది. ఎందుకలా అన్నాడు. నాకు తెలియలేదు. దాదాకు తెలిసి ఉండేది, ఏ నాల్‌బంద్‌నైనా అడిగినా చెప్పేవాడు.

అందుకే చదివే మీ అందరికీ ఒక గుజారిష్. మీ ఇంట్లో, మీ మొహల్లాలో టాంగా తోలినవాళ్లు, లాడాలు కొట్టినవాళ్లు, తబేలాలో పనిచేసిన బుజుర్గులు ఎవరైనా ఉంటే ఈ ఆదివారం వాళ్ల పక్కన కూచోండి. ఏ జబ్బుకు ఏం చేసేవాళ్లు, ఏ సామానును ఏమని పిలిచేవాళ్లు, ఏ గుర్రం పేరేంటి అని అడిగి రాసుకోండి. ఆ మనుషులు వెళ్లిపోతే ఆ మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు.